కోడిగుడ్డు, రక్తంలో కొలెస్టరాల్, గుండె ఆరోగ్యం: పశ్చిమ ప్రకాశం నేపథ్యం

నిర్వచనం, పరిధి

కోడిగుడ్డు తింటే రక్తంలోని కొలెస్టరాల్ ఎంత పెరుగుతుంది, ఆ పెరుగుదల గుండెజబ్బుకు ఎంతవరకు కారణమవుతుంది అన్నవి రెండు వేరు వేరు ప్రశ్నలు. పోషకాహార శాస్త్రంలో ఈ రెండూ నూరేళ్లకు పైగా చర్చలో ఉన్నప్పటికీ, వ్యవహారంలో వాటిని ఒకే ప్రశ్నగా కలిపివేయడం వల్ల అయోమయం ఏర్పడింది. తిండి ద్వారా కడుపులోకి చేరేది ఆహార కొలెస్టరాల్. రక్తంలో ప్రొటీన్లతో జతగూడి తిరిగేది రక్త కొలెస్టరాల్. మొదటిది రెండోదాన్ని ప్రభావితం చేసే అనేక అంశాల్లో ఒకటి మాత్రమే. రక్తపరీక్ష చీటీలో లిపిడ్ ప్రొఫైల్ పేరుతో కనిపించే అంకెలు రెండోదానికి చెందినవి.

ఈ వ్యాసం ఆ సంబంధాన్ని సాధారణంగా వివరిస్తూనే, మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, దోర్నాల పరిసరాలతో కూడిన పశ్చిమ ప్రకాశం ప్రాంతపు ఆహారపు అలవాట్లలో గుడ్డు స్థానాన్ని పరిశీలిస్తుంది.

ప్రాంతం, ఆహార నేపథ్యం

నల్లమల కొండలకు తూర్పు వాలున ఉన్న ఈ ప్రాంతంలో మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు గ్రామాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుంచి విడివడి వచ్చాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. వానలు తక్కువగా పడే మెట్టనేల కావడం వల్ల జొన్న, సజ్జ, కొర్ర, వరిగ ఇక్కడి పాత తిండిగింజలు. గుండ్లకమ్మపై విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు ఆయకట్టు వంటి కొద్దిపాటి మాగాణి తప్పితే వరి అన్నం పండుగపూట తిండిగానే ఉండేది. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం తరువాత ఆ స్థితి మారి, జొన్నసంగటి తినే ఇళ్లలోనూ తెల్లబియ్యపు అన్నం మూడుపూటల తిండిగా స్థిరపడింది. గుడ్డుకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని చర్చించేటప్పుడు ఈ మార్పును పక్కన పెట్టడం కుదరదు. కారణం 'స్థానిక భోజనంలో గుడ్డు' అన్న శీర్షిక కింద వస్తుంది.

పలకల గనులకు, పలకల ఫ్యాక్టరీలకు మార్కాపురం పేరుపొందింది. రాతిదుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధి (చూ. సిలికోసిస్) వల్ల కలిగే ఆయాసాన్ని, గుండెజబ్బు వల్ల కలిగే ఆయాసాన్ని ఒకటిగా పొరబడే అవకాశం ఉన్నందున, గనుల్లో పనిచేసినవారి విషయంలో ఈ రెండింటినీ విడదీసి చూడవలసి ఉంటుంది.

గుడ్డు కూర్పు

పెంకు తీసిన 50 గ్రాముల గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్, 5 గ్రాముల కొవ్వు, 70 కిలోకేలరీలకు కాస్త పైన శక్తి ఉంటాయి. ఆ కొవ్వులో సంతృప్త కొవ్వు, అంటే గది ఉష్ణోగ్రత వద్ద గడ్డకట్టే స్వభావం గల కొవ్వు, ఒకటిన్నర గ్రాముల చిల్లర మాత్రమే. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం ఆ పరిమాణపు గుడ్డులో సుమారు 186 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ ఉంటుంది. ఇదంతా పచ్చసొనలోనే ఉంటుంది. తెల్లసొనలో కొలెస్టరాల్ లేదు. కణపొరల నిర్మాణానికి, మెదడు పనికి అవసరమైన కోలిన్, కంటి రెటీనాలో పేరుకునే ల్యూటిన్, జియాజాంథిన్ అనే పసుపు వర్ణకాలు, విటమిన్ ఎ, డి, బి12 కూడా ప్రధానంగా పచ్చసొనలోనివే. కాబట్టి కొలెస్టరాల్‌కు భయపడి పచ్చసొనను పారవేసేవారు గుడ్డులోని పోషకాలలో పెద్ద భాగాన్ని దానితోపాటే వదులుకుంటున్నారు.

అగ్‌మార్క్ వర్గీకరణ ప్రకారం 60 గ్రాములు, ఆపైన తూగే గుడ్డు అతిపెద్దది. 53 నుంచి 59 గ్రాముల వరకు పెద్దది. 45 నుంచి 52 వరకు మధ్యరకం. 38 నుంచి 44 వరకు చిన్నది. పెరటి కోళ్ల నాటుగుడ్డు సాధారణంగా చివరి వర్గంలోకి వస్తుంది. నాటుగుడ్డుకు ధర, రుచి, గౌరవం ఎక్కువే. అయితే దానిలో కొలెస్టరాల్ ఉండదనే ప్రచారానికి ఆధారం లేదు. గుడ్డు చిన్నది కావడం వల్ల ఒక్కో గుడ్డుకు లెక్క తగ్గుతుందే తప్ప, తూకానికి తూకం చూస్తే పెద్ద తేడా కనిపించదు. పచ్చసొన ముదురు రంగు కోడి తిన్న మేతలోని వర్ణకాలను సూచిస్తుంది, కొలెస్టరాల్‌ను కాదు. బాతుగుడ్డులో ఒక్కోదానికి 600 మిల్లీగ్రాములకు పైగా కొలెస్టరాల్ ఉంటుంది. కౌజుపిట్ట గుడ్డు తొమ్మిది గ్రాములే తూగినా అందులో 76 మిల్లీగ్రాములు ఉండడం వల్ల, ఐదారు గుడ్లు తింటే రెండు కోడిగుడ్లకు మించుతుంది.

శరీరంలో కొలెస్టరాల్ నడక

కొలెస్టరాల్ విషపదార్థం కాదు. ప్రతి కణపు పొరకూ అది కావాలి. పైత్యరసంలోని ఆమ్లాలు, విటమిన్ డి, స్త్రీపురుష హార్మోన్లు దాని నుంచే తయారవుతాయి. అందుకే శరీరం తిండిపై ఆధారపడకుండా దాన్ని స్వయంగా తయారు చేసుకుంటుంది. పెద్దవారి శరీరంలో రోజుకు దాదాపు ఒక గ్రాము దాకా తయారవుతుండగా, తిండి నుంచి వచ్చేది చాలామందిలో అందులో మూడోవంతుకు మించదు.

తిన్న కొలెస్టరాల్, కాలేయం నుంచి పైత్యరసంతో వచ్చిన కొలెస్టరాల్ చిన్నపేగులో కలిసిపోతాయి. పేగుగోడ మీద ఉన్న ఒక రవాణా ప్రొటీన్ దాన్ని లోపలికి తీసుకుంటే, మరో జత ప్రొటీన్లు అందులో కొంత భాగాన్ని తిరిగి పేగులోకి తోసేస్తాయి. ఈ రాకపోకల ఫలితంగా సగటున సగం మేరకు మాత్రమే ఒంటబడుతుంది; మనిషి మనిషికీ ఇది ఐదోవంతు నుంచి ఐదింట నాలుగువంతుల దాకా మారుతుంది. ఒకే ఇంట్లో ఒకే కూర తిన్న అన్నదమ్ముల పరీక్ష చీటీలు వేరుగా ఉండడానికి ఈ జన్యుపరమైన తేడా ఒక కారణం.

తిండి ద్వారా ఎక్కువ కొలెస్టరాల్ వచ్చినప్పుడు కాలేయం తన ఉత్పత్తిని తగ్గించుకుంటుంది, పైత్యరసం ద్వారా ఎక్కువ బయటికి పంపుతుంది. ఈ సర్దుబాటు బాగా పనిచేసేవారిలో గుడ్డు తిన్నా రక్తంలో అంకెలు దాదాపుగా కదలవు; సరిగా పనిచేయనివారిలో స్పష్టంగా పెరుగుతాయి. రెండో వర్గాన్ని అతిస్పందకులు అంటారు. 1991లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక విచిత్ర ఉదంతాన్ని ప్రచురించింది: 88 ఏళ్ల వృద్ధుడు ఏళ్ల తరబడి రోజుకు 25 గుడ్లు తింటున్నా అతని రక్త కొలెస్టరాల్ సాధారణ స్థాయిలోనే ఉంది. అతని పేగు చాలా తక్కువ కొలెస్టరాల్‌ను పీల్చుకుంటోందని, కాలేయం మిగులును పైత్య ఆమ్లాలుగా మార్చి వదిలించుకుంటోందని పరీక్షల్లో తేలింది. ఇది శరీరపు సర్దుబాటు శక్తికి ఉదాహరణ, అనుకరణకు కాదు.

రక్తం నీటితో కూడినది కనుక కొవ్వు జాతికి చెందిన కొలెస్టరాల్ అందులో నేరుగా కరగదు. ప్రొటీన్ పూత గల రేణువులలో ప్రయాణిస్తుంది. కాలేయం నుంచి కణాలకు మోసే తక్కువ సాంద్రత రేణువులను ఎల్‌డీఎల్ అని, తిరుగు ప్రయాణంలో తోడ్పడే ఎక్కువ సాంద్రత రేణువులను హెచ్‌డీఎల్ అని అంటారు. వాడుకలో మొదటిది చెడ్డ కొలెస్టరాల్, రెండోది మంచి కొలెస్టరాల్. ఎల్‌డీఎల్ ఎక్కువై ధమని గోడల్లోకి చేరినప్పుడు అక్కడ వాపు పుట్టి, ఏళ్ల మీద ముద్దలు ఏర్పడతాయి. అటువంటి ముద్ద పగిలి దానిపై రక్తం గడ్డకడితే గుండెపోటు వస్తుంది. ఎల్‌డీఎల్‌ను రక్తం నుంచి తొలగించే పని కాలేయం మీది గ్రాహకాలది. సంతృప్త కొవ్వు ఆ గ్రాహకాల పనిని మందగింపజేస్తుంది. తిన్న కొలెస్టరాల్ కంటే సంతృప్త కొవ్వే ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా పెంచడానికి కారణం ఇదే, గుడ్డును అర్థం చేసుకోవడానికి కీలకం కూడా ఇదే.

చరిత్ర

1908లో రష్యాలో ఇగ్నతోవ్‌స్కీ కుందేళ్లకు మాంసం, పాలు, గుడ్లు పెట్టి వాటి రక్తనాళాలు చెడడాన్ని గమనించాడు. 1913లో నికొలాయ్ అనిచ్‌కోవ్ శుద్ధమైన కొలెస్టరాల్‌తోనే అదే ఫలితాన్ని రాబట్టాడు. కుందేలు ఆకులు తినే జంతువు కావడం వల్ల, తిండి కొలెస్టరాల్‌ను సర్దుకునే శక్తి దానికి మనిషికున్నంత లేదన్న ఆక్షేపణ ఈ ప్రయోగాలపై వచ్చింది. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో మొదలైన దీర్ఘకాల అధ్యయనం రక్త కొలెస్టరాల్, రక్తపోటు, పొగతాగడం గుండెజబ్బుకు ప్రమాద కారకాలని స్థిరపరిచింది. ఏడు దేశాల అధ్యయనానికి నాయకత్వం వహించిన ఆన్సెల్ కీస్ సంతృప్త కొవ్వును ప్రధాన దోషిగా నిలబెట్టాడు. ఆహార కొలెస్టరాల్ ప్రభావం దానితో పోలిస్తే చిన్నదని అతడే రాశాడు.

అయినప్పటికీ 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి ఆహార కొలెస్టరాల్ వద్దని, వారానికి మూడు పచ్చసొనలకు మించరాదని సలహా ఇచ్చింది. ఆ అంకె అర్ధశతాబ్దం పాటు ప్రపంచమంతటా వైద్యుల నోట వినిపించింది. 1984లో టైమ్ పత్రిక ముఖచిత్రంపై రెండు గుడ్లు కళ్లుగా, మాంసపు ముక్క వంగిన మూతిగా ఏడుపుముఖం అచ్చయింది. 1985లో ఎల్‌డీఎల్ గ్రాహకాలను కనుగొన్న మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు నోబెల్ బహుమతి రావడంతో కాలేయం పాత్ర స్పష్టమైంది. 2015–2020 కాలానికి వెలువడిన అమెరికా ఆహార మార్గదర్శకాలు 300 మిల్లీగ్రాముల సంఖ్యాపరమైన పరిమితిని తొలగించాయి. కొలెస్టరాల్ వీలైనంత తక్కువ తినాలన్న సాధారణ సూచన మాత్రం ఉండిపోయింది. పత్రికలు పరిమితి పోయిందన్న మాటను పట్టుకుని, సూచన మిగిలిందన్న సంగతిని వదిలేశాయి.

ఇదే కాలంలో భారతదేశంలో గుడ్డు కథ వేరే దారిలో నడిచింది. ఇక్కడి సమస్య అతిగా తినడం కాదు, అందకపోవడం. తెలుగువాడైన డాక్టర్ బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్‌ను స్థాపించడం, 1982లో రైతులే ధర నిర్ణయించుకునేలా జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడడం, ఆ కమిటీ టీవీ ప్రకటనల ద్వారా రోజూ గుడ్డు తినమని ప్రచారం చేయడం వల్ల గుడ్డు సామాన్యుల తిండిగా మారింది. 2023–24లో దేశంలో 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తి కాగా, అందులో 17.85 శాతంతో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో నిలిచింది. దేశ సగటు లభ్యత మనిషికి ఏడాదికి 103 గుడ్లు. రాష్ట్రంలో లేయర్ ఫారాలు అనపర్తి, తణుకు వంటి గోదావరి ప్రాంతాల్లో కేంద్రీకృతమై ఉన్నాయి.

అధ్యయన ఫలితాలు

గుడ్డు ప్రభావంపై ఆధారాలు రెండు రకాలు. కొద్దిమందికి కొద్ది వారాలపాటు లెక్క ప్రకారం గుడ్లు పెట్టి రక్తాన్ని పరీక్షించేవి ఆహార ప్రయోగాలు. వేలమందిని ఏళ్లపాటు గమనించి ఎవరికి గుండెజబ్బు వచ్చిందో చూసేవి పరిశీలనా అధ్యయనాలు. మొదటివి కారణాన్ని బాగా పట్టిస్తాయి కానీ రోగం దాకా వెళ్లవు. రెండోవి రోగాన్ని చూస్తాయి కానీ గుడ్డు తినేవారి మిగతా అలవాట్లను గుడ్డు నుంచి పూర్తిగా విడదీయలేవు.

2001లో నెదర్లాండ్స్ పరిశోధకులు 17 ఆహార ప్రయోగాలను కలిపి లెక్కించి, రోజుకు అదనంగా తినే ప్రతి 100 మిల్లీగ్రాముల కొలెస్టరాల్‌కు రక్తంలో మొత్తం కొలెస్టరాల్ డెసీలీటరుకు 2.2 మిల్లీగ్రాములు, హెచ్‌డీఎల్ 0.3 మిల్లీగ్రాములు పెరుగుతాయని తేల్చారు. ఈ లెక్కన రోజుకు ఒక గుడ్డు కలిపితే మొత్తం కొలెస్టరాల్ సగటున నాలుగు మిల్లీగ్రాములు పెరుగుతుంది. 200 ఉన్న మనిషికి అది 204 అవుతుంది. రెండు వేరు రోజుల్లో తీసిన రక్తంలో సహజంగా కనిపించే హెచ్చుతగ్గులే అంతకంటే ఎక్కువ. అయితే ఇది సగటు. అతిస్పందకుల్లో పెరుగుదల దీనికి కొన్ని రెట్లు ఉండవచ్చు.

పరిశీలనా అధ్యయనాలు ఒకే మాట చెప్పలేదు. 1999లో హార్వర్డ్ పరిశోధకులు రోజుకు ఒక గుడ్డు వరకు తినేవారిలో గుండెజబ్బు ఎక్కువ కాలేదని, మధుమేహం ఉన్నవారిలో మాత్రం ఎక్కువైందని ప్రకటించారు. 2018లో చైనాలో సుమారు ఐదులక్షల మందిని గమనించిన అధ్యయనంలో రోజూ గుడ్డు తినేవారిలో మెదడులో రక్తస్రావం వల్ల వచ్చే పక్షవాతం తక్కువగా కనిపించింది. 2019లో 29,615 మంది అమెరికన్ల సమాచారాన్ని కలిపి చూసిన మరో అధ్యయనం దీనికి విరుద్ధంగా, రోజుకు అదనపు ప్రతి అరగుడ్డుకు గుండె, రక్తనాళాల జబ్బు ప్రమాదం ఆరు శాతం పెరిగిందని పేర్కొంది. ఆరు శాతం అన్నది సాపేక్షమైన పెరుగుదల. పదిహేడేళ్లకు పైగా సాగిన గమనికలో నికరంగా చూస్తే అది నూటికి ఒకరి కంటే కొద్దిగా ఎక్కువ. 2020లో 21 దేశాల్లో లక్షా నలభైఆరువేల మందితో జరిగిన ప్యూర్ అధ్యయనంలో, వారానికి ఏడు, అంతకు మించి గుడ్లు తిన్నవారిలోనూ రక్త కొలెస్టరాల్‌కు గానీ, మరణాలకు గానీ గుర్తించదగ్గ సంబంధం కనిపించలేదు. భారతదేశం కూడా ఆ దేశాలలో ఒకటి.

ఈ వైరుధ్యానికి ఒక వివరణ పళ్లెంలోనే ఉంది. అమెరికాలో గుడ్డు తరచుగా ఉప్పు పట్టించిన పంది మాంసం, వెన్న రాసిన రొట్టెలతో కలిసి వస్తుంది. చైనాలో కూరగాయలు, అన్నంతో వస్తుంది. లెక్కల్లో వాటిని సరిచేసినా మిగులు ఉండిపోతుంది. మరో హెచ్చరిక నిధుల గురించినది. సిడ్నీ విశ్వవిద్యాలయం మధుమేహం, దాని ముందు దశ ఉన్న 140 మందిలో ఒక వర్గానికి మూడు నెలలపాటు వారానికి 12 గుడ్లు పెట్టి, కొలెస్టరాల్ చెడిపోలేదని 2015లో ప్రకటించింది. ఆ పరిశోధనకు నిధులు ఇచ్చింది ఆస్ట్రేలియా గుడ్ల సంస్థ. అంతమాత్రాన ఫలితం తప్పు కానవసరం లేదు గానీ, చదివేవారు ఆ సంగతి తెలుసుకుని చదవాలి.

కోలిన్ విషయంలో ఒక వేరు వాదం ఉంది. పేగులోని బ్యాక్టీరియా కోలిన్ నుంచి తయారుచేసే పదార్థాన్ని కాలేయం టీఎంఏఓ అనే రసాయనంగా మారుస్తుందని, అది ధమనులకు హాని చేస్తుందని గత దశాబ్దంన్నరగా కొందరు పరిశోధకులు చెబుతున్నారు. సముద్రపు చేపల్లో టీఎంఏఓ సహజంగానే ఎక్కువగా ఉన్నా, చేపలు తినేవారికి గుండెజబ్బు పెరగకపోవడం ఈ వాదానికి ఎదురయ్యే ప్రశ్న.

సిఫారసులు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011 మార్గదర్శకాల్లో వారానికి మూడు గుడ్లకు పరిమితం కావాలని సూచించింది. దేశంలో విరివిగా వినిపించే మరో అంకె ఏడాదికి 180 గుడ్లు, అంటే రెండు రోజులకు ఒకటి. వారానికి మూడు అంటే ఏడాదికి 156. పైకి ఒకటి ఆంక్షగా, మరొకటి ప్రోత్సాహంగా కనిపించినా రెండింటి మధ్య దూరం ఏడాదికి రెండు డజన్లే. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇటీవలి సలహా పత్రం ఆరోగ్యవంతులు రోజుకు ఒక పూర్తి గుడ్డును మంచి ఆహారంలో భాగంగా తినవచ్చని అంటోంది.

భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన లక్ష్యాలు గుడ్ల సంఖ్యకు కాకుండా రక్తంలోని అంకెకు సంబంధించినవి: ప్రమాదం తక్కువ, మధ్యస్థంగా ఉన్నవారిలో ఎల్‌డీఎల్ 100 లోపు, ఎక్కువ ఉన్నవారిలో 70 లోపు, అతి ఎక్కువ ఉన్నవారిలో 55 లోపు ఉండాలి.

స్థానిక భోజనంలో గుడ్డు

భారతీయుల్లో రక్తపు కొవ్వుల తీరు పాశ్చాత్యుల తీరుకు భిన్నంగా ఉంటుంది. 2014లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనంలో, పరీక్షించిన భారతీయుల్లో 72 శాతానికి పైగా మందికి హెచ్‌డీఎల్ తక్కువగా ఉందని, దాదాపు 30 శాతం మందిలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు ఎక్కువగా ఉన్నాయని తేలింది. ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవారు 12 శాతంలోపే. ఈ తీరుకు, ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్ల పెరుగుదలకు, తెల్లబియ్యం, చక్కెర, మైదా వంటి పిండిపదార్థాలు ఎక్కువగా తినడం ముఖ్యమైన కారణం (చూ. ట్రైగ్లిజరైడ్లు). తెల్ల అన్నం ప్రధానమైన భోజనానికి గుడ్డు చేరి, ఆ మేరకు అన్నం తగ్గితే ఈ తీరుకు మేలే జరుగుతుంది. రెండు గరిటెల అన్నం అదనంగా కలుపుకోవడానికి గుడ్డు పులుసు సాకుగా మారినప్పుడు ఆ మేలు ఉండదు.

వండే నూనె రెండో అంశం. ఒక టేబుల్ స్పూను పామాయిల్‌లో ఆరు గ్రాములకు మించి సంతృప్త కొవ్వు ఉంటుంది; గుడ్డులో ఉన్నదానికి ఇది నాలుగు రెట్లు. అదే కొలత నెయ్యిలో ఎనిమిది గ్రాములు, మెట్టపొలాల పంట అయిన వేరుశనగ నూనెలో రెండు గ్రాముల చిల్లర. ఉడకబెట్టిన గుడ్డు తినే మనిషి, కాగి కాగి నల్లబడిన నూనెలో వేయించిన ఎగ్ బోండా తినే మనిషి ఇద్దరూ ఒక గుడ్డు తిన్నామనే చెబుతారు గానీ, వారి కాలేయానికి అందేది ఒకటే కాదు. పులుసు, పొరటు, ఉల్లి పచ్చిమిర్చి వేసిన అట్టు ఇళ్లలోని రకాలు. వీటిలో తేడా తెచ్చేది పెనం మీద పోసే నూనె. బజారు బండ్ల మీద ఎగ్ ఫ్రైడ్ రైస్, ఎగ్ నూడుల్స్‌లో గుడ్డు అన్నిటికంటే చిన్న భాగం. వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచడమే కాక హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. నూనెలు, కొవ్వుల్లో దాన్ని 2022 నుంచి రెండు శాతానికి పరిమితం చేశారు.

గుండెజబ్బు పట్టణపు రోగమన్న భావన పాతబడింది. రాష్ట్రంలో ఈ విషయాన్ని స్పష్టంగా చూపింది గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003–04లో జరిగిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం. అక్కడ నమోదైన మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే సంభవించాయి. అంటువ్యాధుల వాటా అంతకంటే తక్కువ.

బడిలో, అంగన్‌వాడీలో గుడ్డు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం 2003లో మొదలైంది. 2020 జనవరిలో జగనన్న గోరుముద్ద పేరుతో మెనూను మార్చినప్పుడు వారానికి ఐదు గుడ్లు అందులో ఉన్నాయి. 2024లో పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టిన తరువాత కూడా గుడ్డు కొనసాగింది. అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు గుడ్డు విడిగా అందుతుంది. దోర్నాల, యర్రగొండపాలెం వైపు చెంచుగూడేలలో పిల్లలకు క్రమం తప్పకుండా దొరికే జంతు ప్రొటీన్ తరచుగా ఇదే.

వారానికి ఐదు గుడ్లు పిల్లల కొలెస్టరాల్‌కు హాని చేస్తాయా అన్న సందేహం కొందరు తల్లిదండ్రుల్లో ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేనివారు. స్త్రీలలో 58 శాతానికి పైగా రక్తహీనులు. ఎదిగే వయసులో ప్రొటీన్, బి12, కోలిన్ అవసరం ముందుకు వచ్చే స్థితి ఇది. 2017లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఈక్వెడార్‌లోని పసిపిల్లలకు ఆరు నెలలపాటు రోజుకో గుడ్డు పెట్టినప్పుడు ఎదుగుదల లోపం దాదాపు సగానికి తగ్గింది. తరువాత మలావీలో జరిగిన అదే తరహా ప్రయోగంలో అటువంటి మేలు కనిపించలేదు. చేపలు అప్పటికే ఎక్కువగా తినే పిల్లలు కావడం మలావీ ఫలితానికి ఒక వివరణ. చెరువు ఎండితే చేప దొరకని మెట్ట గ్రామాలకు ఈ రెండింటిలో ఈక్వెడార్ ఉదాహరణే దగ్గరగా ఉంటుంది.

జాగ్రత్త అవసరమైనవారు

మధుమేహం ఉన్నవారి విషయంలో అధ్యయనాలు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు కనుక, వారిలో వారానికి ఎన్ని పచ్చసొనలు అన్నది ఎల్‌డీఎల్ అంకెను, మిగతా ఆహారాన్ని చూసి వైద్యులు నిర్ణయిస్తారు. వంశపారంపర్యంగా ఎల్‌డీఎల్ గ్రాహకాల లోపం ఉన్నవారు వేరొక వర్గం. ఎల్‌డీఎల్ 190కి మించి ఉండడం, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవారు ఉండడం దీనికి సూచనలు. వీరికి గుడ్డు మానేయడం వల్ల వచ్చే తగ్గుదల చాలదు. స్టాటిన్ వంటి మందులు అవసరమవుతాయి. ఇప్పటికే స్టాటిన్ వాడుతున్నవారు మందు ఉందన్న ధీమాతో గుడ్ల సంఖ్య పెంచడం, గుడ్డు మానేశామన్న ధీమాతో మందు ఆపడం రెండూ పొరపాట్లే. రెండోది ఎక్కువ ప్రమాదకరం. ఫ్లోరైడ్ నీళ్ల సమస్య ఉన్న ఈ ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ప్రశ్న కొలెస్టరాల్ కంటే ప్రొటీన్, ఫాస్ఫరస్‌ల గురించినది. తెల్లసొనలో ఫాస్ఫరస్ చాలా తక్కువ కాబట్టి వారికి తరచుగా అదే సూచిస్తారు.

ఆచారాలు, నమ్మకాలు

గుడ్డు వేడి చేస్తుందనే నమ్మకం వల్ల మార్చి నుంచి జూన్ దాకా చాలా ఇళ్లలో గుడ్డు వాడకం తగ్గుతుంది. ఇక్కడ వేడి అన్నది దేశీయ వైద్యభావన. శరీర ఉష్ణోగ్రతను ఉద్దేశించినది కాదు. శనివారం, కార్తీక మాసం, అయ్యప్ప మాల వేసుకున్న రోజుల్లో గుడ్డు ముట్టని కుటుంబాలు మార్కాపురం చెన్నకేశవస్వామి ఆలయ పరిసరాల్లోనే కాక ప్రాంతమంతటా ఉన్నాయి. ఏడాదంతా శాకాహారులైన కుటుంబాలకు బి12 ప్రధానంగా పాలు, పెరుగు, మజ్జిగల నుంచే అందుతుంది. పచ్చిగుడ్డు తాగితే బలం అన్నది మరో నమ్మకం. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే ప్రొటీన్ బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనీయదు. ఉడికించిన గుడ్డులోని ప్రొటీన్ పచ్చిదాని కంటే బాగా జీర్ణమవుతుంది. సాల్మొనెల్లా సోకే అవకాశమూ ఉడికించడంతో తగ్గుతుంది. కొలెస్టరాల్ విషయానికి వస్తే పచ్చిగుడ్డుకూ ఉడికిన గుడ్డుకూ తేడా లేదు.